విమానాశ్రయపు గోడకు ఆవల 400 మీటర్లు

ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబా నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమాన సర్వీసు 2025లో ప్రారంభమైంది. ఉపాధి, వ్యాపారం నిమిత్తం ఆఫ్రికా దేశాలకు రాకపోకలు సాగించే తెలుగువారికి, చికిత్స కోసం మన ఆసుపత్రులకు వచ్చే అక్కడి రోగులకు ఇది ఎంతో సౌకర్యం. దారిలో విమానం మారవలసిన శ్రమ తప్పింది. అయితే ఇటువంటి కొత్త మార్గం ఏది తెరుచుకున్నా ఆరోగ్య శాఖ దానిని మరో కోణం నుంచి కూడా పరిశీలించవలసి ఉంటుంది. ఎల్లో ఫీవర్ ప్రమాదం ఉన్న దేశాల జాబితాలో ఇథియోపియా ఉన్నది. ఆ వ్యాధిని ఒకరి నుంచి మరొకరికి చేరవేసే ఏడిస్ ఈజిప్టై దోమ హైదరాబాద్‌తో సహా భారతదేశమంతటా ఉన్నది. వ్యాధి మాత్రం ఇక్కడ లేదు. దోమ ఉండి వ్యాధి లేకపోవడమనే ఈ స్థితిని కాపాడుకోవడమే విమానాశ్రయాలలో జరిగే ఆరోగ్య తనిఖీల ప్రధాన ఉద్దేశం.

మనకు డెంగీని, చికున్‌గున్యాను, జికాను అంటిస్తున్నది కూడా ఈ దోమే. 2023లో దేశంలో 2.8 లక్షలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. అంటే ఎల్లో ఫీవర్ వైరస్ ఒకసారి అడుగుపెడితే దానిని ఇంటింటికీ మోసుకువెళ్ళే వాహనం ఇక్కడ సిద్ధంగా ఉన్నది. ఆసియాలో ఈ వ్యాధి ఇంతవరకు ఎందుకు వేళ్ళూనుకోలేదన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. డెంగీ సోకినవారిలో కొంత రక్షణ ఏర్పడుతుందని కొందరు, ఆసియా దోమలు ఆ వైరస్‌ను అంత సమర్థంగా మోయలేవని కొందరు అంటారు. వైరస్ రావలసినంతగా రాలేదు గనుకనే వ్యాధి లేదని మరికొందరి అభిప్రాయం. ఈ మూడో సమాధానమే నిజమైతే మన క్షేమం అదృష్టం మీద ఆధారపడి ఉన్నట్లు లెక్క.

ఆ అదృష్టానికి 2016లో ఒక పరీక్ష ఎదురైంది. 2015 డిసెంబరులో అంగోలా రాజధాని లువాండాలో ఎల్లో ఫీవర్ విజృంభించింది. అక్కడ పనిచేస్తున్న చైనీయులు 2016లో స్వదేశానికి తిరిగి వచ్చినప్పుడు వారిలో 11 మందికి వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయింది. ఆసియా గడ్డపై ఎల్లో ఫీవర్ రోగులు నమోదు కావడం అదే మొదటిసారి. దోమల కాలం అక్కడ ఇంకా పుంజుకోకపోవడం కలిసివచ్చింది. వ్యాధి స్థానికంగా వ్యాపించలేదు. ఆ సంవత్సరమే ప్రపంచపు అత్యవసర టీకా నిల్వలు అడుగంటాయి. కాంగో రాజధాని కిన్షాసాలో పూర్తి మోతాదులో ఐదో వంతు మాత్రమే ఇచ్చి లక్షలాది మందికి సర్దవలసి వచ్చింది. నూరు కోట్లకు పైబడిన జనాభా, టీకా రక్షణ లేని జనాభా ఉన్న దేశంలో అటువంటి పరిస్థితి తలెత్తితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

మన రక్షణ ఏర్పాట్లు మూడు వరుసలలో ఉన్నాయి. మొదటిది ప్రయాణికుడి చేతిలోని పసుపు రంగు టీకా పత్రం. ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు వెళ్ళే తెలుగువారు హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో తీసుకునేది దీనినే. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాత ఈ పత్రం చెల్లుబాటవుతుంది. 2016 జూలై 11 నుంచి అది జీవితకాలం చెల్లుతున్నది. పత్రం లేకుండా ప్రమాదం ఉన్న దేశం నుంచి వచ్చినవారిని 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్య సంస్థకు ఉన్నది.

రెండో వరుస విమానంలో కీటకనాశిని చల్లడం. ఈ ఆలోచన కొత్తది కాదు. విమానయానం ఇంకా బాల్యావస్థలో ఉండగానే, 1933లో, హేగ్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం విమానాల ద్వారా ఎల్లో ఫీవర్ వ్యాపించకుండా జాగ్రత్తలను నిర్దేశించింది. మన దేశంలో 1954 నాటి విమాన ప్రజారోగ్య నియమావళి ఇందుకు ఆధారం. ప్రయాణికులు కూర్చుని ఉండగా మందు చల్లడం మీద అభ్యంతరాలు వచ్చాయి. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ వరకు వెళ్ళింది. మందు చల్లినా కొన్ని దోమలు తప్పించుకుంటాయన్నది కూడా అనుభవంలో తేలిన విషయమే. 1994 వేసవిలో పారిస్ సమీపంలోని రోయిసీ విమానాశ్రయ ప్రాంతంలో ఆరుగురికి మలేరియా సోకింది. వారిలో నలుగురు విమానాశ్రయ సిబ్బంది. మిగిలినవారు సుమారు 7 కిలోమీటర్ల దూరంలోని పట్టణవాసులు. ఆఫ్రికా నుంచి విమానంలో దిగిన దోమలు ఉద్యోగుల కార్లలో ఎక్కి ఆ పట్టణం చేరి ఉంటాయని పరిశోధకులు భావించారు. విమానాశ్రయ మలేరియా అన్న మాట వైద్య గ్రంథాలలో స్థిరపడింది ఇటువంటి సంఘటనల వల్లనే.

ఈ రెండు వరుసలకూ ఒక పరిమితి ఉన్నది. టీకా పత్రం ఎల్లో ఫీవర్‌కే పనికివస్తుంది. డెంగీ, చికున్‌గున్యా, జికా వైరస్‌లతో వచ్చే ప్రయాణికుడిని సరిహద్దులో ఆపే పత్రమేదీ లేదు. చాలామందిలో ఆ సమయానికి జ్వరం కూడా ఉండదు. ఇందుకు ఉదాహరణ కోసం దూరం వెళ్ళనవసరం లేదు. 1973లో మహారాష్ట్రలోని బార్శీ తర్వాత మూడు దశాబ్దాల పాటు దేశంలో చికున్‌గున్యా జాడ దాదాపుగా లేదు. 2005 చివరలో రాయలసీమలో జనం కీళ్ళు పట్టేసి, నడుములు వంగిపోయి మంచాన పడ్డారు. మరుసటి సంవత్సరం దేశవ్యాప్తంగా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. అది పాత ఆసియా రకం వైరస్ కాదు, ఆఫ్రికా మూలాలున్న రకం. అప్పటికే హిందూ మహాసముద్ర ద్వీపాలను అది కుదిపివేస్తున్నది. 2007లో పాత్రలు మారాయి. కేరళ నుంచి వెళ్ళిన ఒక ప్రయాణికుడి ద్వారా అదే వైరస్ ఇటలీలోని ఒక చిన్న ఊరికి చేరింది. 200 మందికి పైగా జబ్బుపడ్డారు. కనుక ఆఫ్రికా నుంచి మనకు, మన నుంచి ఐరోపాకు అన్న భేదం వైరస్‌కు లేదు. ఎక్కడ దోమ సిద్ధంగా ఉంటే అక్కడ అది దిగుతుంది.

అందువల్ల మూడో వరుస ముఖ్యమవుతున్నది. విమానాశ్రయంలోను, దాని చుట్టుపక్కల కూడా దోమలే లేకుండా చేయడం ఇది. 2007 జూన్ 15 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ఐదో అనుబంధం దీనిని సభ్యదేశాల బాధ్యతగా నిర్ణయించింది. ప్రయాణికులు, విమానాలు, సరుకులు, తపాలా పొట్లాలు కదలాడే ప్రాంతాల నుంచి కనీసం 400 మీటర్ల దూరం వరకు వ్యాధి వాహక కీటకాలను అదుపు చేసే కార్యక్రమం ఉండాలి. అంతకంటే ఎక్కువ దూరం ఎగిరే కీటకాలు ఉంటే ఆ పరిధిని పెంచాలి. ఏడిస్ దోమ ఇల్లు వదిలి పెద్దగా దూరం పోదు. పుట్టిన చోటి నుంచి నూరు, రెండు వందల మీటర్లలోనే సాధారణంగా దాని జీవితం గడిచిపోతుంది. నాలుగు వందల మీటర్ల హద్దుకు ఆధారం ఆ స్వభావమే.

విమానాశ్రయం లోపల దోమను వెతకడం ఓపికతో కూడిన పని. ప్రయాణికుడికి కనిపించేది అద్దాల హాలు, నిగనిగలాడే నేల. దోమకు కనిపించేది వేరు. ఏసీ యంత్రాల కింద నీరు కారే పళ్ళేలు, పైకప్పు మీద చెత్త అడ్డుపడిన వాననీటి గొట్టాలు, సరుకుల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాల మడతలలో నిలిచిన నీరు, షెడ్డు వెనుక పడవేసిన సామాను బండ్ల టైర్లు, అగ్నిమాపక దళపు నీటి తొట్లు, కేబుళ్ళు పోయే గుంతలు, లిఫ్టుల అడుగు గుంటలు, అలంకరణ కుండీల కింది సాసర్లు. ఒక గ్లాసుడు నీరు వారం రోజులు కదలకుండా నిలిస్తే చాలు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వాతావరణంలో 7 నుంచి 10 రోజులు పడుతుంది. నీరు ఆరిపోయినా ఏడిస్ గుడ్లు పాత్ర గోడకు అంటుకుని నెలల తరబడి బతికి ఉండి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకే తొట్టిలో నీరు పారబోస్తే సరిపోదు, లోపలి గోడను రుద్ది కడగాలి. వారానికి ఒకరోజు డ్రై డే పాటించాలని తెలుగు రాష్ట్రాలలో ఆరోగ్య సిబ్బంది చెబుతున్నది ఈ లెక్క ప్రకారమే.

లార్వా దొరికిన చోట్లను లెక్కించడానికి మూడు సూచికలు వాడుకలో ఉన్నాయి. తనిఖీ చేసిన 100 ఇళ్ళలో ఎన్నింట లార్వా కనిపించిందో చెప్పేది హౌస్ ఇండెక్స్. నీరున్న పాత్రలు 100 చూస్తే వాటిలో ఎన్నింట ఉన్నదో చెప్పేది కంటెయినర్ ఇండెక్స్. 100 ఇళ్ళకు లార్వా ఉన్న పాత్రలు మొత్తం ఎన్ని అన్నది బ్రెటో ఇండెక్స్. వీటికి తోడు నల్ల రంగు డబ్బాలలో నీరు పోసి పెట్టే గుడ్ల ఉచ్చులు, పెద్ద దోమలను పట్టే ఉచ్చులు ఉంటాయి. జపాన్‌లోని నరీతా విమానాశ్రయంలో 2012లో ఇటువంటి గుడ్ల ఉచ్చులోనే ఏడిస్ ఈజిప్టై లార్వా బయటపడింది. ఆ దేశంలో స్థిరపడని దోమ కావడంతో అక్కడ ఒక్క లార్వా కూడా పెద్ద వార్త అయింది. మన దగ్గర ఆ దోమ ఇంటిదే. కనుక మన ఉచ్చులు చెప్పవలసిన సంగతులు వేరు: సాంద్రత పెరుగుతున్నదా, ఏ మందుకు అలవాటు పడింది, దాని ఒంటిలో ఏ వైరస్ ఉన్నది.

ప్రయాణికుల ఫిర్యాదులను బట్టి చర్య తీసుకోవడంలోని పొరపాటును కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ఢాకా విమానాశ్రయంలో దోమల గుంపు చొరబడడంతో మలేసియాకు వెళ్ళే ఒక విమానం ఆలస్యమైంది. ఆ తర్వాత అక్కడి దోమల బెడద బంగ్లాదేశ్ హైకోర్టు విచారణకు కూడా వచ్చింది. దక్షిణాసియాలో చలికాలం చివర సాయంత్రాలలో గుంపులుగా ముసిరేవి ఎక్కువగా మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు. ఏడిస్ అలా ముసరదు. పగటిపూట, చీలమండల దగ్గర, చడీచప్పుడు లేకుండా కుట్టి పోతుంది. దాని మీద ఎవరూ ఫిర్యాదు రాయరు. అదే బంగ్లాదేశ్‌లో 2023లో 3.2 లక్షల మందికి పైగా డెంగీతో ఆసుపత్రుల పాలు కాగా, 1,700 మందికి పైగా మరణించారు. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా పొగ మందు వదలడం చూసేవారికి తృప్తినిస్తుంది. ఎగిరే దోమలలో కొన్ని చస్తాయి కూడా. తొట్టిలోని లార్వాకు, గోడకు అంటిన గుడ్డుకు ఆ పొగ తగలదు. అయినా దోమల నివారణ అనగానే ఫొటోలలో కనిపించేది పొగ యంత్రమే.

విమానాశ్రయానికి మాత్రమే ఉన్న మరో చిక్కు పక్షులు. ఊళ్ళలో నిలవనీటిలో గంబూషియా చేపలు వదలడం మంచి ఉపాయం. రన్‌వే సమీపంలో అదే పని చేస్తే చేపల కోసం కొంగలు వస్తాయి. కొంగలు విమానాలకు ప్రమాదం. కనుక అక్కడ నీటిని ఉంచి శుద్ధి చేయడం కంటే అసలు నిలవకుండా పారించడమే మార్గం. కీటక పరిశోధకుడు ఉచ్చులు పెట్టడానికి లోపలికి వెళ్ళాలన్నా భద్రతా అనుమతులు కావాలి. అయినప్పటికీ గోడ లోపలి పని చేయగలిగినదే. యజమాని ఒక్కరే, సిబ్బంది ఉన్నారు, డబ్బు ఉన్నది.

గోడ దాటిన తర్వాతే అసలు సమస్య మొదలవుతున్నది. 400 మీటర్ల పరిధిలో ఎక్కువ భాగం విమానాశ్రయానిది కాదు. ముంబైలో ప్రహరీని ఆనుకుని కుర్లా, జరీమరీ వంటి కిక్కిరిసిన బస్తీలు ఉన్నాయి. కుళాయి నీరు రోజంతా రాదు గనుక ప్రతి గుమ్మం ముందు నీలిరంగు డ్రమ్ము ఉంటుంది. ఢిల్లీలో మహిపాల్‌పూర్ హోటళ్ళు, వాటి పైకప్పుల మీద వరుసలు తీరిన నీటి ట్యాంకులు ఉన్నాయి. చెన్నైలో అడయారు నది రన్‌వే కిందుగా పారుతుంది. విమానాశ్రయం చుట్టూ ఎక్కడ చూసినా టాక్సీ స్టాండ్లు, గిడ్డంగులు, పంక్చర్ దుకాణాలు, కొత్త కట్టడాలు వెలుస్తాయి. పాత టైరు ఏడిస్‌కు పుట్టిల్లు వంటిది. కట్టడాల దగ్గర గోడలు తడపడానికి నిలవ చేసిన నీటి తొట్టి ఆ దోమకు, అనాఫిలిస్‌కు కూడా అనుకూలమే.

ఈ ప్రాంతానికి జవాబుదారీ ఎవరు? విమానాశ్రయ ఆరోగ్య సంస్థ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖది. విమానాశ్రయం ఒక ప్రైవేటు సంస్థదో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థదో. గోడ అవతలి వీధి మునిసిపాలిటీదో, గ్రామపంచాయతీదో. మలేరియా విభాగం రాష్ట్ర ప్రభుత్వానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం ఓడరేవుల క్వారంటైన్ కేంద్ర జాబితాలోను, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం రాష్ట్ర జాబితాలోను ఉన్నాయి. అంతర్జాతీయ నిబంధనపై సంతకం చేసింది కేంద్రం. దానిని నెరవేర్చడానికి చీపురు పట్టవలసింది స్థానిక సంస్థ. ఆ స్థానిక సంస్థకు నిబంధన పాఠం చేరిందో లేదో ఎవరూ అడగరు. విమానాశ్రయపు లోపలి సూచిక సున్నాకు దగ్గరగా ఉన్నదని నివేదిక వెళ్ళినా, రోడ్డు దాటిన తర్వాత పరిస్థితిపై ప్రజలకు అందే లెక్క ఏదీ లేదు.

400 మీటర్ల పరిధి సర్వరోగ నివారిణి అని చెప్పడం కూడా సరికాదు. జ్వరంతో దిగిన ప్రయాణికుడు గంటలో టాక్సీ ఎక్కి నగరం మరో చివరకు చేరుకుంటాడు. అతడి రక్తంలోని వైరస్‌ను ఎక్కించుకునే దోమ అతడి వీధిలో ఉంటుంది, విమానాశ్రయంలో కాదు. ఈ పరిధి వల్ల ఒనగూడే ప్రయోజనాలు పరిమితమైనవే అయినా నిర్దిష్టమైనవి. విమానంలో దొంగచాటుగా వచ్చిన దోమకు గుడ్లు పెట్టే చోటు దొరకదు. గంటల తరబడి నిరీక్షించే ప్రయాణికులు, పగలూ రాత్రీ పనిచేసే సిబ్బంది కుట్టించుకోకుండా ఉంటారు. వైరస్‌ను ఎక్కించుకున్న దోమ ఇతరులకు అంటించే స్థితికి రావడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. వారం వారం తొట్లు కడిగే చోట కొత్త దోమల తరం పుట్టదు, కనుక గొలుసు సాగడం కష్టం. ఇక్కడి దోమ విమానం ఎక్కి పరాయి దేశానికి పోకుండా ఉండడం ఇంకొక ప్రయోజనం. దీని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం.

ఇతర దేశాలకు మనవైపు నుంచి వెళుతున్న ప్రమాదం పేరు అనాఫిలిస్ స్టెఫెన్సై. భారతదేశపు నగరాలలో మలేరియాను వ్యాపింపజేసే దోమ ఇది. చెరువులు, కాలువల కంటే ఓవర్ హెడ్ ట్యాంకులను, బావులను ఇష్టపడుతుంది. దక్షిణాసియా, అరేబియా ప్రాంతాలకు పరిమితమై ఉండిన ఈ దోమ 2012లో జిబూతీలో కనిపించింది. తర్వాత ఇథియోపియా, సూడాన్, నైజీరియా, కెన్యా, ఘానా వరకు పాకింది. శ్రీలంక 2016 సెప్టెంబరులో మలేరియా రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. ఆ సంవత్సరం చివరిలోనే మన తీరానికి ఎదురుగా ఉన్న మన్నార్‌లో స్టెఫెన్సై బయటపడింది. ఓడలు, సరుకులు, పశువుల రవాణా ద్వారా ఇది చేరి ఉంటుందన్న అభిప్రాయమే బలంగా ఉన్నది. విమానాల పాత్రను కూడా కొట్టివేయలేరు. ఒక దోమ ఖండం దాటితే ఏమవుతుందో బ్రెజిల్ 1930లో చూసింది. ఆఫ్రికా నుంచి వచ్చిన అనాఫిలిస్ గాంబియే ఆ సంవత్సరం నటాల్ నగరంలో కనిపించింది. 1938 నాటికి ఈశాన్య బ్రెజిల్‌లో వేలాది మంది ప్రాణాలు తీసింది. రెండేళ్ళ కఠిన ప్రచారోద్యమం తర్వాతే దానిని అక్కడి నుంచి తుడిచిపెట్టగలిగారు.

మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ తొలిసారి చూసినది 1897 ఆగస్టు 20న, సికిందరాబాద్ బేగంపేటలో. ఆ భవనం ఇప్పటికీ ఉన్నది. తర్వాతి కాలంలో దాని పక్కనే హైదరాబాద్ పాత విమానాశ్రయం వెలిసింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. అప్పట్లో పొలాలు, రాళ్ళగుట్టలు ఉన్న ఆ పరిసరాలు ఇప్పుడు గిడ్డంగులు, హోటళ్ళు, కాలనీలతో నిండిపోతున్నాయి. ఊరికి దూరంగా కట్టిన విమానాశ్రయం చుట్టూ ఊరు రావడానికి రెండు దశాబ్దాలు కూడా పట్టలేదు. జేవర్, నవీ ముంబై, భోగాపురం వంటి కొత్త విమానాశ్రయాల దగ్గర ఇదే కథ పునరావృతం కాక తప్పదు. అయితే కొత్త చోట్ల ఒక వెసులుబాటు ఉన్నది. మూతలు గట్టిగా పడే ట్యాంకులు, నీరు నిలవని పైకప్పులు, తనిఖీకి నిచ్చెన ఉన్న కట్టడాలను భవన నిర్మాణ అనుమతి దశలోనే షరతుగా పెట్టవచ్చు. కట్టిన తర్వాత ప్రతి మేడ మీదికి మనిషిని ఎక్కించడం కంటే ఇది చౌక.

2027 నాటికి స్థానిక మలేరియా కేసులను సున్నాకు తేవాలని, 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలని భారత్ లక్ష్యం పెట్టుకున్నది. కేసులు తగ్గేకొద్దీ బయటి నుంచి వచ్చే ప్రతి కేసుకూ ప్రాధాన్యం పెరుగుతుంది. ఈ పనికి కావలసిన కీటక శాస్త్రజ్ఞులు రాష్ట్రాలలోను, మునిసిపాలిటీలలోను తగినంతమంది లేరు. ఖాళీలు భర్తీ కాకుండా ఉచ్చులు కొన్నంత మాత్రాన ఫలితం రాదు. ఉచ్చులో పడినది ఏడిసా, క్యూలెక్సా అని భూతద్దంలో చూసి చెప్పే మనిషి కావాలి.

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలకు 2024లో ఆమోదించిన సవరణలు 2025 సెప్టెంబరు 19న అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం నిబంధనల అమలును దేశవ్యాప్తంగా సమన్వయపరిచే జాతీయ ప్రాధికార సంస్థ ఒకటి ప్రతి సభ్యదేశంలోను ఉండాలి. గోడకు రెండు వైపులా ఉన్న అధికారులను ఒకే బల్ల ముందు కూర్చోబెట్టగల అధికారం అటువంటి సంస్థకే సాధ్యం. ప్రతి అంతర్జాతీయ విమానాశ్రయానికి 400 మీటర్ల పరిధిని పటంలో గీసి, అందులోని వార్డులను, గ్రామాలను పేరుపేరునా గుర్తించడం, లోపలి సూచికను, బయటి సూచికను నెలనెలా పక్కపక్కనే ప్రకటించడం, బయటి సూచిక కింద సంతకం చేయవలసిన అధికారి ఎవరో ముందుగానే నిర్ణయించడం ఆ సంస్థ మొదటి పనులలో చేరాలి. ఇందుకు కొత్త చట్టమేదీ అవసరం లేదు. కావలసిన అధికారాలు మునిసిపల్ చట్టాలలోను, పంచాయతీరాజ్ చట్టాలలోను ఇప్పటికే ఉన్నాయి.